ఎత్తు కనబడితే చైన్ పడే కుమారస్వామి

కుమారస్వామి సైకిలుకు ఒక రోగం ఉండేది. రోడ్డు చదునుగా ఉన్నంతసేపు ఏ పేచీ లేకుండా దూసుకుపోయేది. ఎదురుగా కాస్త ఎత్తు కనబడిందా, చైన్ పడిపోయేది. చిన్న కల్వర్టు ఎత్తయితే ఒకసారి, పాలకుర్తి దారిలో గుట్ట పక్కన ఉన్న పెద్ద ఎత్తయితే రెండుసార్లు. తొర్రూరు సైకిల్ మిత్రమండలిలో ఏ ఇద్దరికీ ఏ విషయంలోనూ పొత్తు కుదిరేది కాదు గానీ, ఎత్తు దగ్గర కుమారస్వామి చైన్ పడక తప్పదన్న విషయంలో మాత్రం అందరిదీ ఒకటే మాట.

ఆ రోజులు తలుచుకుంటే విమలకు ఇప్పటికీ నవ్వాగదు. ఇప్పుడంటే మండలిలో నలభై మందికి పైగా ఉన్నారు. అందరికీ ఒకే రంగు టీషర్టులు, అందరి నెత్తినా హెల్మెట్లు, పైనుంచి ఫొటోలు తీయడానికి ఒక డ్రోను. అప్పుడు ఉన్నది పదకొండు మంది. ఆదివారం తెల్లవారుతుండగా బస్టాండు ఎదురుగా చేరేవారు. బెల్లున్న సైకిలుకు బ్రేకుండదు, బ్రేకున్నదానికి మడ్‌గార్డు ఉండదు. అయినా అలాంటి ఆదివారాలు మళ్లీ రాలేదని విమల అంటుంది. ఆమెది తపాలా ఆఫీసు కౌంటర్లో ఉద్యోగం. నలభై దాటిన ఏడాది, షుగరు గుమ్మం దాకా వచ్చి నిలబడిందని డాక్టరు బెదిరిస్తే, కూతురు పల్లవి వాడకుండా వదిలేసిన సైకిలు దుమ్ము దులిపి తను మండలిలో చేరింది.

కుమారస్వామి రైసు మిల్లులో ముప్పై ఏళ్లు ఫిట్టరుగా చేసిన మనిషి. పని మానేనాటికి నడుము పట్టేసింది. వంగి తొక్కే సైకిలు ఇక ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. సరేనని ఇంటికొచ్చి, రెండు పాత సైకిళ్లను కోసి, ఒకదానికొకటి వెల్డింగు చేసి, మధ్యలో నవారు అల్లిన కుర్చీని వెనక్కి వాల్చి బిగించాడు. పెడళ్లు ముందు చక్రం పైన ఉంటాయి. కాళ్లు ముందుకు చాపి, వీపు వెనక్కి ఆనించి, ఆకాశం చూస్తూ తొక్కడమే. ఊరు దానికి మంచం సైకిలని పేరు పెట్టింది.

"ఏందన్నా గిది? పండుకొని తొక్కుడేంది?" అని విమల మొదటి రోజే అడిగింది.

"డాక్టర్ రెస్టు తీసుకొమ్మన్నడు చెల్లె. ఎక్సర్‌సైజు గూడ చెయ్యుమన్నడు. రెండిటికి వేరువేరు టైమెక్కడిది? ఒక్కసారే కానిస్తున్న."

మొదటిసారి ఆ సైకిలు పాలకుర్తి దాకా వెళ్లినప్పుడు జరిగిన గోల అంతా ఇంతా కాదు. పత్తి ఏరడానికి పోతున్న ఆడవాళ్లు ఆటోలోంచి చూసి కేకలు పెట్టారు. ఆటో ఆపి, దిగి, పరుగెత్తుకొచ్చారు. ఒక ముసలమ్మ సీసాలో నీళ్లు కుమారస్వామి ముఖాన కొట్టింది. ఇంకొకామె అప్పటికే 108కి ఫోన్ కలిపింది.

"అవ్వా, నాకేం కాలే! నేను పండుకొని పోతున్న!"

"రోడ్డు మీద పండుకునుడేంది కొడుకా! ఇంట్ల కొట్లాడి వచ్చినవా?"

అంబులెన్సు రానే వచ్చింది. కుమారస్వామి డ్రైవరుకు అరగంట సేపు సైకిలు పనితనం వివరించాడు. చివరికి ఆ డ్రైవరు కూడా ఒక చుట్టు తొక్కి చూసి, నడుముకు హాయిగా ఉందని సర్టిఫికెట్ ఇచ్చి వెళ్లిపోయాడు.

సైకిలు మరీ కిందికి ఉండేసరికి లారీల వాళ్లకు కనబడదని వెనకాల వెదురు కర్రకు ఒక జెండా కట్టాడు. సరిగ్గా అప్పుడే పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. ఎర్ర గుడ్డ కడితే ఒకరు పిలిచి చాయ్ పోశారు, మరొకరు మాట్లాడటం మానేశారు. పసుపు కట్టినా అంతే, ఆకుపచ్చ కట్టినా అంతే. చెక్‌పోస్టు దగ్గర కానిస్టేబులు ఆపి, "ఏ పార్టీ తరఫున తిరుగుతున్నవ్ పెద్దమనిషీ?" అని అడిగాడు. లోకంలో పార్టీ లేని రంగే దొరక్క కుమారస్వామి చివరికి భార్య శశికళ పాత పూల చీర చింపి కట్టాడు. ఆ చీర ఇంకా రెండేళ్లు వచ్చేదని శశికళ ఆరు నెలలు సాధించింది.

ఇక చైన్ సంగతి. పెడళ్లు ముందు, తిరిగే చక్రం వెనక. కాబట్టి మూడు సైకిళ్ల చైన్లు కలిపి ఒకటి చేశాడు. అంత పొడుగు చైన్ పడటంలో వింతేమీ లేదని అందరూ నమ్మారు. చదును రోడ్డు మీద ఆయన్ని పట్టుకోవడం ఎవరి వల్లా అయ్యేది కాదు. కింద వాలి పోతాడు కదా, గాలి తగలదు. ఎత్తు మొదలయ్యే చోట మాత్రం చేయి పైకి లేచేది. "చైన్ పడ్డదీ!" అని పెద్ద కేక. ఒకరు ఆగితే అందరూ ఆగాలన్నది మండలి నియమం. అందరూ ఆగేవారు. ఆయన తీరుబడిగా దిగి, నడుముకు చుట్టుకున్న గుడ్డ విప్పి, చైన్ ఒక్కొక్క లింకే తుడుస్తూ, మిల్లులో బెల్టు తెగిన కథ ఎత్తుకునేవాడు. ఆ కథ పూర్తయ్యేసరికి విమల వెనకనుంచి రొప్పుతూ వచ్చి చేరేది.

"ఇయ్యాల గూడనా అన్నా?" అని జాలిగా అడిగేది. తనకంటే వెనకబడే మనిషి ఒకడు మండలిలో ఉన్నాడని ఆమెకు లోలోపల ఎంతో ధైర్యంగా ఉండేది.

మండలి కెప్టెన్ విశాల్‌కు మాత్రం ఒళ్లు మండేది. ప్రైవేటు బడిలో ఆటల సారు. గంటకు ఎన్ని కిలోమీటర్లు తొక్కామో ఫోన్లో చూసుకోనిదే నీళ్లు కూడా తాగడు.

"కాకా, నీ చైన్‌తోని మన యావరేజ్ పదకొండుకు పడ్డది. నడిచేటోళ్లు మనల్ని దాటిపోతున్నరు."

"గాళ్లకు చైన్ లేదు కద బిడ్డా."

విసిగిపోయి విశాల్ కొత్త చైన్లు మూడు కొనిచ్చాడు. కొత్తది కూడా మొదటి కల్వర్టు దగ్గరే పడింది. పంక్చరు సామాను, అరటిపండ్లు వేసుకొని వెనకాలే ఆటో నడిపే ప్రేమ్‌సింగ్ సైకిలును తలకిందులు చేసి ప్రతి పన్నూ వేలితో తడిమి చూశాడు.

"అన్ని మంచిగనే ఉన్నయ్ కాకా. మల్ల ఎత్తు గడ్డ చూడంగనే దీనికేం పుడ్తది?"

"మిల్లుల సామాను కద ప్రేమూ. సమానంగ ఉంటనే నడుస్తది."

ఆ ఏడు చలికాలంలో కాటారం ప్రయాణం వచ్చిపడింది. భూపాలపల్లి సైకిలు వాళ్లు పిలిచారు. జనగామ నుంచి, మహబూబాబాద్ నుంచి కూడా వస్తున్నారు. ప్రేమ్‌సింగ్ నడిపే చిన్న లారీ, డీసీఎంలో సైకిళ్లు వేసుకొని భూపాలపల్లి దాకా పోవడం, అక్కడి నుంచి అడవి దారిలో కాటారం దాకా తొక్కడం. ఆ మాట విన్న దగ్గర్నుంచి కుమారస్వామి కాలు నేల మీద నిలవలేదు. ఇరవై ఏళ్ల వయసులో ఆయన మొదటి కొలువు కాటారం మిల్లులోనే. కిరాయి సైకిలు మీద ఆ దారిలోనే తిరిగాడట.

"అప్పుడు తల వంచుకొని తొక్కిన చెల్లె. చెట్ల మొదళ్లే చూసిన. ఇప్పుడు పండుకొని పోత కద, కొమ్మలు చూస్త" అని విమలతో ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

కానీ విశాల్ షరతు పెట్టాడు. వచ్చే ఆదివారం పాలకుర్తి దాకా పరీక్ష. "నాలుగూళ్లోళ్ల ముందట ఇజ్జత్ పోతది కాకా. పాలకుర్తి తొవ్వల గాని, కాటారం తొవ్వల గాని, చైన్ ఒక్కసారి పడ్డదా, సైకిల్ డీసీఎంల ఎక్కుతది, దాంతోని నువ్వు గూడ ఎక్కుతవ్."

కుమారస్వామి తల ఊపాడు.

సరిగ్గా ఆ వారమే విమల ఇంటి మెట్ల మీద జారింది. ఎడమ కాలి చీలమండ బెణికింది. అయినా ఇంట్లో ఉండబుద్ధి కాక, అరటిపండ్ల పక్కన ప్రేమ్‌సింగ్ ఆటోలో కూర్చుని బయలుదేరింది. కల్వర్టు వచ్చింది. చైన్ పడలేదు. గుట్ట పక్కన పెద్ద ఎత్తు వచ్చింది. కుమారస్వామి మోకాళ్లు గుండ్రంగా తిప్పుతూ, పూల చీర జెండా ఎగరేసుకుంటూ ఎక్కేశాడు. పైకి చేరాక అందరూ చప్పట్లు కొట్టారు. విశాల్ ఫోను చూసి ఎగిరి గంతేసి కాక కాళ్లు మొక్కబోయాడు.

చప్పట్లు కొట్టనిది విమల ఒక్కతే. ఆమె చేతిలో సగం తిన్న అరటిపండు అలాగే ఉండిపోయింది.

"ప్రేమన్నా, నేను రాని ఆదివారాలు గూడ చైన్ పడ్తుండెనా?"

ప్రేమ్‌సింగ్ కొంచెం ఆలోచించాడు. "బతుకమ్మప్పుడు నువ్వు రాలే కదక్కా. గా రోజు పడలే. మీ బిడ్డ పరీక్షలప్పుడు... గప్పుడు గూడ పడలే. గట్లెందుకు అడుగుతున్నవ్?"

విమలకు ముందు సిగ్గేసింది. మూడేళ్లుగా మండలిలో అందరికంటే వెనకబడే మనిషి తనే అన్నమాట. తర్వాత కోపం వచ్చింది, ఈయన్ని ఎవరు జాలిపడమన్నారని. ఆటో పాలకుర్తి చేరేసరికి కోపం కూడా పోయి కళ్లు తడిశాయి. తను ఒక్కతే వెనకబడిందని తనకు తెలియకుండా ఉండటానికి ఒక పెద్దమనిషి మూడేళ్లు పదిమంది చేత మాటలు పడ్డాడు.

మర్నాడే కాటారం జాబితాలోంచి విమల తన పేరు కొట్టేయించుకుంది. తను రాకపోతే చైన్ పడదు, ఆయన కొమ్మలు చూస్తాడు. శుక్రవారం కుమారస్వామి తపాలా ఆఫీసు కౌంటరు ముందు నిలబడ్డాడు. వరుసలో నిలబడటానికి సాకుగా ఒక కార్డు కూడా అడిగాడు.

"పేరెందుకు తీసేసుకున్నవ్ చెల్లె?"

"కాలు నొప్పి ఇంక తగ్గలే అన్నా."

"ఏ కాలు?"

విమల కుడి కాలు చూపించింది.

"బెణికింది ఎడమది కద?"

వెనకున్న వాళ్లు కూడా కౌంటరు మీదికి వంగి కాళ్లు చూశారు. విమల కాళ్లు రెండూ బల్ల కిందికి లాక్కుంది. "నీ సైకిల్‌కు జాగ నేనే ఉంచుతున్న, డీసీఎంల. జల్ది తయారుగుండు" అని చెప్పి, కార్డు తీసుకోకుండానే ఆయన వెళ్లిపోయాడు.

భూపాలపల్లిలో మంచు ఇంకా విడవలేదు. కాలు నయమై విమల కూడా వచ్చింది. నాలుగూళ్ల వాళ్లూ కలిసి బయలుదేరారు. చదును రోడ్డు మీద మంచం సైకిలును చూడటానికి జనగామ కుర్రాళ్లు పోటీలు పడ్డారు. కుమారస్వామి పైకి చూస్తూ, టేకు కొమ్మల్లోకి చూస్తూ, నోరు తెరుచుకొని పోతున్నాడు. ఆ ముఖం చూసి విమల ఒట్టు పెట్టుకుంది, ఈ రోజు ఎంత ఎత్తు వచ్చినా వెనకబడనని.

ఎత్తు వచ్చింది. విమల పళ్లు బిగించి తొక్కింది. సగం దాకా ఒట్టు నిలబడింది. తర్వాత మోకాళ్లు మొరాయించాయి. దిగి, సైకిలు నెట్టుకుంటూ తలెత్తి చూసింది. పైన మలుపులో అందరూ ఆగి ఉన్నారు.

"చైన్ పడ్డదీ!"

పైన విశాల్ గొంతు వినబడుతోంది. "ప్రేమన్నా, డీసీఎం తీసుకరా! కాకా, చెప్పిన కద నేను!" కుమారస్వామి తనే జెండా కర్ర విప్పడం మొదలుపెట్టాడు. విమల సైకిలు అక్కడే పడేసి పరుగెత్తింది.

"ఆగు విశాల్! చైన్ ఏం పడలే. ఎనుకబడ్డది నేను. మూడేండ్ల సంది నాకోసమే ఆగుతున్నడు ఈయన!"

నాలుగూళ్ల వాళ్లూ ఆమె వైపు తిరిగారు. ఆమెకు ఈసారి సిగ్గేయలేదు.

"అబద్ధం!" అని కుమారస్వామి అరిచాడు. "ఎవరన్నరు? పడ్డది! చూసుకోండ్రి కావాల్నంటే!"

అందరూ వంగి చూశారు. చైన్ పళ్ల మీద పద్ధతిగా కూర్చుని ఉంది. కొమ్మలు చూసే సంబరంలో ఆయన దాన్ని ఊడదీయడమే మరిచిపోయాడు. ప్రేమ్‌సింగ్ డీసీఎం దిగి వచ్చి, చైన్‌ను ఒకసారి, కాకను ఒకసారి చూసి, నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు.

విశాల్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. "గట్లైతే ఒక్క మాట చెప్పొద్దా కాకా? అక్క కోసం మేం ఆగకపోతుంటిమా?" అని, "విమలక్కా, నువ్వు ముందు నడువు. కాటారం దాకా నీ ఎంబడే వస్తం. నిన్నెవరూ దాటొద్దు" అన్నాడు. జెండా కర్రను తనే మళ్లీ కట్టాడు.

విమల జీవితంలో మొదటిసారి అందరికంటే ముందు సైకిలెక్కింది. వెనకాలే కుమారస్వామి గొణుగుడు.

"మూడేండ్లు కష్టపడి చైన్‌కు పేరు తెచ్చిన. ఒక్క మాటతోని ఖరాబ్ చేస్తివి. రేపటి సంది నాకు దమ్మాడకుంటే ఏం జెప్పి ఆగాలె చెల్లె?"

విమలకు నవ్వు వచ్చింది. ఆపుకోబోతే ఇంకా ఎక్కువైంది. హ్యాండిలు అటూ ఇటూ ఊగి, ఇక తొక్కలేక, కాలు కింద పెట్టి, పొట్ట పట్టుకొని నడిరోడ్డు మీద నిలబడిపోయింది. వెనక నాలుగూళ్ల సైకిళ్లూ వరసగా ఆగాయి. ఎందుకు ఆగారని ఎవరూ అడగలేదు. ఆమె నవ్వు అయిపోయే దాకా అందరూ నిలబడ్డారు.