ఆకుపచ్చ మచ్చ లేని ఫొటో

ఊళ్లో ఆయన్ని జాగ్రత్తరావు అనేవారు. అసలు పేరు ఆయన ఫొటో స్టూడియో బోర్డు మీద ఉండేది గానీ దాన్ని చదివే ఓపిక ఎవరికీ లేదు. రిమోట్‌కి ప్లాస్టిక్ కవరు, కుర్చీలకు గుడ్డలు, కెమెరా లెన్సుకి దెబ్బ తగలకుండా ఫిల్టర్ అనే పల్చటి గాజుబిళ్ల. లెన్సు కొన్న రోజు బిగించిన ఆ బిళ్లని మళ్లీ తియ్యలేదు మహానుభావుడు.

ఆయన భార్య నాటకాల్లో వేసేది. వేదిక మీద ఆమెని ఎప్పుడు ఫొటో తీసినా ముఖమ్మీద ఓ ఆకుపచ్చ మచ్చ పడేది. ఇప్పుడో పెద్ద నాటక సంస్థవాళ్లు ముఖ్యపాత్రకి ఆమె పేరు అనుకుంటున్నారు. వేషంలో ఉన్న మంచి ఫొటో ఒకటి ఎల్లుండిలోగా పంపమన్నారు. అది విన్న దగ్గర్నుంచీ ఆయనకి కాలు నిలవడం లేదు.

"లైట్లు నావే బావా, మచ్చ మాత్రం నీ గాజుబిళ్లది," అన్నాడు నాటకానికి లైట్లు పెట్టే బావమరిది. "వెనక లైటు దాంట్లో పడి మెరుస్తోంది. తీసి పక్కన పడెయ్."

"తీశాక లెన్సుకి గీత పడితే?"

"అక్క వేషం పోతే?"

తీద్దామంటే ఫిల్టర్ మొండికేసింది. చివరికి భార్యే గిన్నెలు తోమే రబ్బరు గ్లవుజు తొడుక్కుని, ఒక్క మెలి తిప్పి ఊడదీసి ఆయన చేతిలో పెట్టింది. బోసిపోయిన లెన్సుని ఆయన గబుక్కున జేబురుమాలుతో కప్పేశాడు.

సాయంత్రం ఆట మొదలైంది. ముందు వరసలో ఆయన కూచోలేడు, నిలబడలేడు. పక్కాయన దగ్గితే చటుక్కున లెన్సుకి మూత పెట్టేశాడు, ఆఖరి రంగం దాకా తియ్యలేదు. ఆఖరి రంగంలో ఆమె కోపంతో గ్లాసులో నీళ్లు విసురుతుంది. ఆ రంగాన్ని ఆయన ఎన్నోసార్లు ఫొటో తీశాడు. అయినా నీళ్లొస్తాయన్న సంగతే ఆయన బుర్రకెక్కలేదు. ఆయన ధ్యాసంతా ఎప్పుడూ కెమెరా మీదే. నాలుగు చుక్కలు ఇటు ఎగిరేసరికి, ఒక చెయ్యి బటన్ నొక్కుతుంటే రెండో చెయ్యి లెన్సుకి అడ్డం వెళ్లిపోయింది.

తెర పడ్డాక ముగ్గురూ ఫొటో చూశారు. మచ్చ లేదు. ఉన్నదల్లా ఆయన అరచెయ్యి, వేళ్ల సందులోంచి తేటగా ఆమె కన్ను ఒకటి. ఆయనకి తల కొట్టేసినట్టయింది.

"రేపటి ఆటకి వేరే ఫొటోగ్రాఫర్‌ని పిలుస్తున్నా," అంది భార్య, ముఖం మీద రంగు తుడుచుకుంటూ.

"మరి నన్నేం చెయ్యమంటావ్?"

"చేతులూపుకుంటూ రండి. ఒక్కసారన్నా నా నాటకం చూడండి."