ఫోన్ క్యాబిన్‌లో పాడిన మునిలక్ష్మి

కుప్పం రైల్వే స్టేషన్ ఎదురుగా నాకు ఎస్.టి.డి. బూత్ ఉన్న రోజుల్లో, ఆ గాజు క్యాబిన్‌లో నిలబడి ఒకమ్మాయి జాజ్ పాడేదంటే ఇప్పుడెవరూ నమ్మరు. నమ్మకపోతే పోనీ. నేను విన్నాను. వినడమే కాదు, ఆ పాట ఆగిపోవడానికి కారణం కూడా నేనే. ఆ రెండోది ఒప్పుకోవడానికే ఇదంతా రాస్తున్నాను.

ఆమె పేరు మునిలక్ష్మి. చౌడేపల్లె దగ్గర పల్లె. తండ్రి మునెప్పకు నాలుగు పాడి ఆవులు, వానొస్తే పండే రెండెకరాలు. ఏడో తరగతితో బడి మానిపించి, మదనపల్లెలో ఒక ఆంగ్లో ఇండియన్ టీచరమ్మ ఇంట్లో పనికి పెట్టారు. ఐరిస్ టీచరంటారు. పెళ్ళి చేసుకోలేదు. ఇంటినిండా గ్రామఫోన్ రికార్డులు, ముందు గదిలో పియానో. మునిలక్ష్మి అంట్లు తోముతూ ఆ రికార్డుల్లో పాటలే పాడేది. అర్థం తెలియదు గానీ శ్రుతి తప్పేది కాదు. ఒకరోజు టీచరమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చివరిదాకా విని, చేతులు కడుక్కుని రమ్మని పియానో పక్కన నిలబెట్టిందట. అప్పటినుంచి ఆరేళ్ళు నేర్పింది. ఇంగ్లీషు పాటల్ని మునిలక్ష్మి తెలుగు అక్షరాల్లో ఒక పొడుగాటి నోటుబుక్కులో రాసుకునేది.

1993లో టీచరమ్మ పోయింది. ఆమె అక్క కొడుకు మెల్విన్‌కు బెంగుళూరులో చిన్న బ్యాండ్ ఉండేది. శని, ఆదివారాలు ఒక పెద్ద హోటల్లో వాయించేవాళ్ళు. టీచరమ్మను సాగనంపే రోజు మునిలక్ష్మి పాడింది విని, తన బ్యాండులోకి రమ్మన్నాడు. అప్పుడామెకు ఇరవై. ఆమె అక్క పాపక్క కుప్పంలో కూరగాయలు అమ్మేది. ఇక్కడినుంచి బెంగుళూరుకు రైలుంది కాబట్టి మునిలక్ష్మి అక్క ఇంటికొచ్చి చేరింది. శుక్రవారం పోవడం, సోమవారం రావడం. గార్మెంట్ కంపెనీలో పని అని పాపక్క వీధిలో చెప్పింది. వారానికి రెండు రోజులే పనుండే గార్మెంట్ కంపెనీ ఎక్కడుందని ఒక్కరూ అడగలేదు. మా వీధి వాళ్ళ తెలివి మీద నాకు మొదటినుంచీ పెద్ద నమ్మకం లేదు.

ఇంట్లో ఫోన్ లేనివాళ్ళు తెలిసినవాళ్ళ నంబరే ఇచ్చుకుని, పక్కన పి.పి. అని రాసుకునే కాలం అది. మెల్విన్‌కు ఇవ్వడానికి నంబరు కావాలని నా దగ్గరికి వచ్చింది.

"సరళక్కా, మీ నంబరు పీపీ ఇచ్చుకుంటాను. ఫోనొస్తే ఒక కేకేస్తే సాలు."

"ఎవురు సేస్తారు?"

"నేను హోటల్లో పాట పాడతాండాను. యాడా సెప్పొద్దక్కా."

నేను ఎక్కడా చెప్పలేదు. ఆ విషయంలో మాత్రం నా నోరు గట్టిదే.

పాపక్క ఇల్లు ఒకటే గది, పక్కింటికీ దానికీ ఒకటే గోడ. అక్కడ గొంతెత్తి ఇంగ్లీషు పాట పాడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. అందుకని మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు నా క్యాబిన్‌లోకి వెళ్ళి తలుపు వేసుకునేది. రిసీవరు చెవికి పెట్టుకుని, గోడవైపు తిరిగి సాధన చేసేది. అద్దం ఆపినంత ఆపేది, మిగిలింది నాకు వినబడేది. పాట ఒకచోట మొదలుపెట్టి, మాటలు వదిలేసి, ఉత్త గొంతుతో ఎటో పోయేది. ఇక దారి తప్పింది అనుకునేలోగా సరిగ్గా వచ్చి కలిసేది. నిన్న పోయిన దారిలో ఇవాళ పోయేది కాదు. అదే జాజ్ అని చెప్పింది.

ఒకసారి బయటూరి ఉల్లిపాయల వ్యాపారి నారాయణస్వామి ఫోన్ కోసం కాచుకుని కాచుకుని విసుక్కున్నాడు.

"ఆ యమ్మ యాల అట్ల ఏడస్తాండాది?"

"వాళ్ళ పెద్దమ్మకు బాగలేదంట," అన్నాను. పాపం, ఆయన ఇంకో పావుగంట ఓపిక పట్టాడు.

సాధన అయ్యాక చెమట తుడుచుకుంటూ బయటికొచ్చి, ఒక్క క్షణం నా మొహంలోకి చూసేది. "అయిందా, టీ తాగుదువు రా," అనేదాన్ని. ఐదేళ్ళూ అదే మాట.

నాకొక తమ్ముడు, లోకనాథ్. గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో పని. మంచివాడు. ముప్ఫై ఒకటి దాటినా పెళ్ళి కాలేదు, మూడు సంబంధాలు చేతిదాకా వచ్చి పోయాయి. మునిలక్ష్మి వాళ్ళు మాకు దూరపు చుట్టాలే. 98లో నేనే పాపక్కతో పెళ్ళి మాట కదిపాను. మునిలక్ష్మి కూడా సరేనంది. పుంగనూరు గంగమ్మ జాతరకు పెద్దమ్మ ఇంటికి పోతున్నానని, తిరిగొచ్చిన గురువారమే పెళ్ళిచూపులు పెట్టుకోమని చెప్పింది. పోతూ పోతూ పుంగనూరులో పెద్దమ్మ ఇంటి పక్కనున్న బట్టల షాపు నంబరు చీటీ మీద రాసి నా గోడకు గుచ్చి పోయింది.

సోమవారం మెల్విన్ ఫోన్ చేశాడు.

"అక్కా, బొంబాయి కంపెనీ వాళ్ళు మా బ్యాండుది క్యాసెట్ తీస్తా ఉండారు. బుధవారం సాయంత్రం బొంబాయి బండికి ముని బెంగుళూర్లో ఉండాల. చెప్తారా?"

చీటీ నా కళ్ళముందే ఉంది. ఒక్క ఫోన్ చేస్తే చాలు. కానీ నాకు వేరే లెక్క తోచింది. బొంబాయి పోయిన పిల్ల కుప్పానికి తిరిగొచ్చి నా తమ్ముడి ఎదుట కూర్చుంటుందా? ఈ ఒక్కటీ పోతే ఇంకోటి వస్తుందిలే, పాట ఎక్కడికి పోతుంది అనుకున్నాను. స్వార్థమే. దానికి ఇంకో పేరు పెట్టను.

"ఆమె రాదప్పా. పాడేది మానేసింది," అన్నాను.

"ఓ, సరే అక్కా," అని పెట్టేశాడు.

మునిలక్ష్మి జాతరనుంచి వచ్చింది. గురువారం పెళ్ళిచూపులకు తలవంచుకుని కూర్చుంది. నెలలో పెళ్ళయింది. మెల్విన్ మళ్ళీ ఫోన్ చేయలేదు, ఆమె కూడా ఫోనొచ్చిందా అని అడగలేదు. నంబరు తిప్పడానికి తప్ప మళ్ళీ ఆ క్యాబిన్‌లో అడుగు పెట్టలేదు. పెళ్ళి సందడిలో మరిచిపోయిందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. లోకనాథ్ పాడొద్దని ఎప్పుడూ అనలేదు. వాడికి ఆమె పాడుతుందనే తెలియదు. కూతురు అంబిక పుట్టాక ఊయల ఊపేది గానీ జోలపాట పాడేది కాదు. అది మా అమ్మ వంతు. మునిలక్ష్మి ఇంటి ముందే పాల కేంద్రం పెట్టి, పొద్దున సాయంత్రం చుట్టుపక్కల పల్లెల పాలు పట్టేది. నన్ను వదినా అని నోరారా పిలిచేది. ఆ పిలుపు విన్నప్పుడల్లా నాకు ఆ సోమవారం గుర్తొచ్చేది.

2007 నాటికి కూరగాయల బుట్ట మోసేవాళ్ళ చేతిలో కూడా సెల్‌ఫోన్ వచ్చింది. క్యాబిన్ పీకేసి జిరాక్స్ మిషన్ పెట్టుకుందామనుకున్నాను. సామాన్లు సర్దడానికి మునిలక్ష్మి సాయం వచ్చింది. ఫోన్ పెట్టే చెక్క కింద, గోడకూ చెక్కకూ మధ్య, ఆ పొడుగాటి నోటుబుక్కు దొరికింది. ఆమె కొంగుతో దుమ్ము తుడిచి, ఒక పేజీ తిరగేసింది. ఇక దాచుకోవడం నావల్ల కాలేదు.

"మునీ, నీకొక తప్పు సేసినాను. నువ్వు జాతరకు పోయినప్పుడు మెల్విన్ ఫోన్ సేసినాడు. నువ్వు పాడేది మానేసినావని నేనే సెప్పినా."

"తెలుసు వదినా," అంది.

పేజీలోంచి తలెత్తకుండానే చెప్పుకొచ్చింది.

"ఆ వారం పాటకు రాలేనని సెప్పేదానికి బుధారం పుంగనూరు బట్టల షాపులోంచి ఆయనకు ఫోన్ సేసినా. ఆయనే సెప్పినాడు, మీ ఫోన్ బూత్ అక్క ఇట్ల అనిందని."

"మరి అబద్ధమని యాల సెప్పలేదు? వచ్చి నన్ను యాల అడగలేదు?"

నోటుబుక్కు మూసి చెక్క మీద పెట్టింది.

"కుప్పంలో నా పాట విన్నది నువ్వొక్కదానివే గదా వదినా. ఐదేండ్లు విన్నావు. ఒక్కనాడూ బాగుండాదనలేదు. బొంబాయికి పొయ్యి నలుగురిలో నగుబాటు అయితానని, నా మొగం మింద అనలేక ఆయనకు సెప్పినావేమో అనుకున్నా. నా మంచికే సెప్పినావనుకున్నా."

తొమ్మిదేళ్ళుగా ఆమె కోపానికి నేను జవాబులు తయారు చేసుకుంటూ వచ్చాను. తమ్ముడి వయసు, పోయిన సంబంధాలు, అన్నీ వరసగా పెట్టుకున్నాను. ఒక్కటీ పనికి రాలేదు. నా స్వార్థాన్ని పట్టుకుని తిట్టినా బాగుండేది. ఆమె నన్ను మంచిదాన్ననుకుని, తన గొంతును తప్పుపట్టుకుంది.

"బాగుండేది మునీ," అన్నాను. "పొయ్యి మింద టీ పొంగిపోతాన్నా తెలిసేది కాదు, అట్ల వింటాంటి."

ఆమె నా మొహంలోకి చూసింది, వెనకటి రోజుల్లో క్యాబిన్‌లోంచి బయటికొచ్చి చూసినట్టే.

"ఇప్పుడు సెప్తాండావా వదినా," అంది. గొంతులో కోపం లేదు. "పాల బండి వచ్చే టైమయింది, పోతాను."

నోటుబుక్కు మరిచిపోయిందేమోనని పట్టుకుని రెండడుగులు వెనకాలే వెళ్ళాను. పిలిచాను కూడా. వెనక్కి తిరిగి నా చేతిలోది చూసి, "ఆడనే ఉండనీలే," అని వెళ్ళిపోయింది.