పేరు అడగడానికి వెళ్లినవాడు

ఎండిన మొక్కలను కాగితాలకు అంటించి దాచే మ్యూజియంలో ఆయన ఇరవై ఆరేళ్లు పనిచేశాడు. కొత్త మొక్కకు అది దొరికిన ఊరి పేరు లాటిన్‌లో పెట్టేవారు. ఊరి పేరు అర్థాన్ని లాటిన్‌లోకి మార్చడం ఆయన పని. లాటిన్ మాస్టారనేవారు.

ఆ ఊరివాళ్లను అర్థం అడగనిదే మొక్క పేరు రాసే కార్డు మీద కలం పెట్టేవాడు కాదు. మూడు గోతులు అనే ఊరి పేరులో గోతులంటే బావులని పుస్తకంలో ఉంది. కాదు, జబ్బులొచ్చిన ఏడాది శవాలను పూడ్చడానికి తవ్వినవని అక్కడి ముసలామె చెప్పింది. ఆయన ఆమె మాటే రాశాడు.

ఆనకట్ట మొదలయ్యాక మునిగే ఊళ్ల జాబితాలు మ్యూజియానికి రావడం మొదలైంది. నీళ్లు రాకముందే అక్కడి మొక్కలకు పేర్లు పెట్టాలి. ఊరు ఖాళీ చేయమనే నోటీసు అందేదాకా ఎవరికీ చెప్పనని ఆయన చేత సంతకం చేయించుకున్నారు. నోటీసు అందాక ఊరికి మిగిలేది వారమే.

నాలుగో జాబితాలో అక్క ఊరు ఉంది.

ఆదివారం వెళ్లాడు. అక్క కుట్టు మిషన్ ముందు కూర్చుని ఉంది.

"ఏరా, దారి తప్పావా?"

"ఊరికే వచ్చాను."

"ఊరికే వచ్చే మొహమేనా అది? మీ బావ కొత్త రేకులు వేయించాడు, చూశావా?"

చూశాడు. చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే అక్కకు మిగిలేది వారం. అడగడం మాత్రం తన పనే.

"అక్కా, మీ ఊరి పేరుకు అర్థమేంటి?"

మిషన్ ఆగింది.

"కిందటేడు మా ఆడపడుచును వాళ్ల ఊళ్లో ఇదే అడిగావు. ఊళ్లకు పేర్లు పెట్టే తమ్ముడని నవ్వుకున్నాం. రెండు నెలలకు ఆ ఊరు లేదు."

"నన్నేమీ అడగకు."

"అడగను. అర్థం మాత్రం చెప్పను. చెబితే రాసేస్తావు."

"నేను రాయకపోతే ఇంకొకడు రాస్తాడే."

"రాయనీ. వాడు నా తమ్ముడు కాదుగా."

దారం తెంపి, గోడ దగ్గరికి వెళ్లి పక్కింటావిడను పిలిచింది. గొంతు తగ్గించి ఏదో అంది. పక్కింటావిడ ఆయన వైపు చూసింది.

బస్సుకు నడుస్తుంటే గుమ్మాల్లో మనుషులు నిలబడి ఉన్నారు. ఒక్కరూ పలకరించలేదు.

గురువారం పై అధికారి పిలిచాడు.

"ఆ ఊళ్లో నోటీసు అందకముందే తలుపులు ఊడదీస్తున్నారట. ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు సార్. నేను పేరుకు అర్థం అడిగాను, అంతే."

అధికారి సొరుగు లాగి ఒక కాగితం తీశాడు.

"ఇకమీదట అడగొద్దు. పుస్తకంలో చూసి రాయండి."

ఐదో జాబితా ఆయన ముందుకు జరిపాడు. అందులో పదకొండు ఊళ్లున్నాయి.