పాలు తూర్పుకి పొంగాలని

ఆ ఇల్లు వంకరగా లేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఎవరైనా ఆ మాటెత్తితే నాకు ఒళ్లు మండుతుంది. మా ఆయన నిలబెట్టిన ఏ ఇల్లూ వంకరగా ఉండేది కాదు. అందులో చేసే కాపురాలు వంకరగా ఉంటే అది ఆయన పూచీ కాదు.

ఇల్లు నిలబెట్టడమేమిటి, ఇల్లు కట్టడం కదా అంటారు. చెబుతాను. ఉక్కు ఫ్యాక్టరీకి పునాదులు పడుతున్న రోజులవి. యంత్రాలు బిగించడానికి పైదేశాల ఇంజనీర్లు దిగారు. వాళ్లుండే ఇళ్లు కూడా వాళ్లతోపాటే ఓడల్లో దిగాయి. రేకు గోడలు, చెక్క నేల, నేల కింద ఇనుప దూలాలు, దూలాలకి చక్రాలు. పొడుగు చూస్తే రైలుపెట్టె. లోపల వంటగది, పడగ్గది, స్నానాల గది, అన్నీ అమర్చే ఉండేవి. వాటిని పోర్టు నుంచి లారీకి తగిలించి లాక్కొచ్చి, సైటు దగ్గర చూపించిన చోట దింపి, చక్రాలు ఊడదీసి, మనుషులు కాపురం పెట్టుకునేలా చేసి ఇవ్వడం మా పని. పేరు కాంట్రాక్టరుది, ఒళ్లు మాది.

మా ఆయన ఖలాసీ మేస్త్రి. సబ్బవరం అవతల పల్లెలో పొలం పని చాలక పోర్టుకి వచ్చి, బరువులెత్తడం నేర్చుకుని, మెల్లగా పదిమందిని వెంటేసుకుని తిరిగే మనిషయ్యాడు. నాది పెందుర్తి. ఇంటి కింద పని ఆయనది, ఇంటి లోపలి పని నాది. బయల్దేరే ముందు అలమర తలుపులు తాళ్లతో కట్టడం, గాజు సామాను పాత చీరల్లో చుట్టడం, దిగాక అన్నీ విప్పి, తుడిచి, ఎక్కడివక్కడ సర్దడం. ఒక్క గ్లాసు పగిలినా కాంట్రాక్టరు నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. ఆ నోటితోనే ఇంట్లో దేవుడి పాటలు కూడా పాడేవాడట, పాపం దేవుడు.

ఇల్లు రోడ్డెక్కిందంటే మాతోపాటు ఊరూ నడిచేది. ముందు ఒకడు ఎర్ర గుడ్డ పట్టుకుని, ఇంటి కప్పు మీద ఇద్దరు వెదురు గడలతో కరెంటు తీగలు పైకెత్తుతూ, వెనక ట్రాక్టరులో దుంగలూ జాకీలూ నేనూ. గాజువాక దగ్గర మలుపు తిరగడానికి పూట పట్టేది. టీ కొట్టు దగ్గర కూర్చున్న ప్రతివాడూ మాకు పని నేర్పేవాడే. "ఇటు తిప్పు బావా", "అటు తిప్పు బావా" అంటూ టీ గ్లాసుతో దారి చూపించేవాళ్లు. మా ఆయన నవ్వేవాడు. నాకు నవ్వొచ్చేది కాదు. పనిచేసేవాడి నెత్తిన కూర్చుని సలహా చెప్పేవాళ్లని చూస్తే నాకు మొదటి నుంచీ చిరాకే.

దింపే చోట ఆయన్ని చూడాలి. రైలు పట్టాల కింద వేసే పాత చెక్క దుంగల్ని అడ్డంగా ఒక వరస, నిలువుగా ఒక వరస పేర్చి, ఆ పేర్పుల మీద ఇంటి దూలాలు ఆనించేవాడు. తెల్లటి ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు నింపి, ఒక కొస ఈ మూల, ఒక కొస ఆ మూల పట్టించి, రెండు చోట్లా నీళ్లు ఒకే ఎత్తులో నిలిచేదాకా పలచటి చెక్కలు దూర్చేవాడు. చెక్క దూర్చాలంటే జాకీతో ఇంటిని కాస్త లేపాలి. అప్పుడు బరువంతా జాకీ మీదే ఉంటుంది. అందుకని మా జట్టులో ఒక కట్టుబాటు ఉండేది. జాకీ లేస్తుంటే ఇంట్లో పిట్ట కూడా ఉండకూడదు. లోపల తుడుస్తున్న నన్ను కూడా బయటికి పిలిచి, నేను దిగి ఆయన కంట పడ్డాకే జాకీ పిడి తిప్పేవాడు. ఒకసారి చీపురు మరిచిపోయి మళ్లీ ఎక్కబోతే, "ఓలే, నీకు సీపురు కావాలేటి, మొగుడు కావాలేటి?" అని అందరి ముందూ అరిచాడు. నాకు కోపం రాలేదు. ఆ ఇనుప దూలాల కింద ఆయన పడుకుని ఉన్నంతసేపూ నా గుండె నా దగ్గర ఉండేది కాదు. ఇల్లు తిరిగి దుంగల మీద కూర్చున్నాకే నేను గట్టిగా ఊపిరి పీల్చేది.

కొందరు పైదేశం ఇంజనీర్లు పని ముగిసి వెళ్లిపోయారు. ఉక్కునగరంలో క్వార్టర్లు ఇంకా గోడల దగ్గరే ఉన్నాయి. దాంతో ఖాళీ అయిన చక్రాల ఇళ్లని మన ఆఫీసర్లకి ఇవ్వడం మొదలుపెట్టారు. అలా ఒక కట్టుబడి కంపెనీలో పెద్ద ఇంజనీరుకి ఒకటి వచ్చింది. గోదావరి జిల్లా వాళ్లు. మంచి ఇల్లు, దిబ్బ మీద గాలి తగిలే చోటు. వర్షాలు పడి మట్టి మెత్తగా ఉంటే మా ఆయన దుంగల పేర్పు వెడల్పు చేసి మరీ నిలబెట్టాడు. నీళ్ల గొట్టం పట్టి చూపిస్తే ఆ ఇంజనీరే వంగి చూసి, "సరిగ్గా ఉందయ్యా" అన్నాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఇల్లు సరిగ్గా ఉందని ఆయనకి తెలుసు.

గృహప్రవేశం పెట్టారు. చక్రాల ఇంటికి గృహప్రవేశమేమిటని మా జట్టంతా నవ్వారు. నేను నవ్వలేదు. ఎక్కడ పడుకుంటే అదే ఇల్లు, పాలు పొంగించుకుంటే తప్పేముంది? మమ్మల్ని కూడా రమ్మన్నారు, ఏదైనా అవసరం పడుతుందని. రేకు తలుపుకి మామిడి తోరణం కట్టారు. కలశం, దీపం పట్టుకుని దంపతులు కుడికాలు పెట్టి ఎక్కారు. వెనకాల పట్టుచీరలు, పంచెలు, చుట్టాలూ పక్కాలూ. రైలుపెట్టె నిండిపోయింది. నేను తలుపు దగ్గర మెట్ల మీద నిలబడ్డాను. చెక్క నేల మీద నిప్పు పెట్టకూడదు కాబట్టి కొత్త కిరసనాయిలు స్టౌ మీద ఇత్తడి గిన్నె పెట్టారు.

పాలు దక్షిణం వైపు పొంగాయి.

ఆ స్టౌ కాళ్లు ఎలా ఉన్నాయో ఎవరూ చూడలేదు. గిన్నె అంచు ఎలా ఉందో ఎవరూ చూడలేదు. ఇంటావిడ మొహం మాడ్చుకుని, "ఇల్లు ఒరిగి ఉందండీ, అందుకే యముడి దిక్కుకి పోయాయి" అంది. అంతే. అందరూ ఇంటి మీద పడ్డారు. పంతులుగారు పంచాంగం చూసి, వర్జ్యం రాకముందు ఇంకొంచెం మంచి సమయం ఉందనీ, ఆలోగా మరోసారి పొంగించవచ్చనీ చెప్పారు.

ఇంజనీరు మెట్ల దగ్గరికి వచ్చి మా ఆయన్ని పిలిచాడు. "మేస్త్రీ, పడమటి పక్క కొంచెం ఎత్తు చెయ్యవయ్యా. పాలు తూర్పుకి వస్తే చాలు. తర్వాత మామూలుగా పెట్టేద్దువుగాని."

"బాబూ, మీరు సూసేరు గదా, గొట్టంలో నీళ్లు సమంగా ఉన్నాయి."

"తెలుసయ్యా. మా ఆవిడ ఊరుకోదు."

తెలుసట! చదువుకున్నవాడు, వందలమంది చేత పని చేయించేవాడు, తెలిసీ అడిగాడు. ఇది నాకు ఇప్పటికీ అరగదు. తెలియక అడిగితే క్షమించేదాన్నేమో.

"అయితే అందర్నీ దిగమనండి బాబూ, బేగి సేసిస్తాను" అన్నాడు మా ఆయన.

అది విని ఇంటావిడ లోపలినుంచే కేకేసింది. "దిగడమేమిటి? దీపం పెట్టాం, కలశం పెట్టాం. పాలు పొంగకుండా గడప దాటితే లక్ష్మిని కాలదన్నుకుని వెళ్లినట్టే. మేం దిగం."

పంతులుగారు కూడా తల ఊపారు. నేను మెట్లు దిగి ఆయన చెయ్యి పట్టుకుని పక్కకి లాగాను.

"మావా, దిగకపోతే నువ్వు కిందకి దూరొద్దు. నాను సెప్తన్నాను. రేపు సేసుకోమను."

"అడుగెట్టినోల్ని ఎలా దింపుతానే? మనింటి పాలు అలగ పొంగితే నువ్వు ఊరుకుందువేటి?"

"మనిల్లు జాకీ మీద నేదు!"

"నా సేతి మీద నిలబెట్టిన ఇంట్లో పాలు దచ్చినానికి పొంగితే నాకూ మంచిది కాదే. ఒగ్గేయ్."

నా కోపమంతా ఇక్కడే ముడిపడిపోయింది. ఆయన్ని ఎవరూ మెడ మీద చెయ్యి వేసి తొయ్యలేదు. ఆయనకీ ఆ పాల మీద వాళ్లంత నమ్మకమే. నన్ను చీపురు కోసం ఎక్కనివ్వని మనిషి, ఇంటినిండా జనాన్ని పెట్టుకుని, మెత్తటి మట్టి మీద జాకీ వేసి, కిందకి పాక్కుంటూ వెళ్లాడు. జట్టువాళ్లలో ఒకడు పిడి తిప్పాడు. పడమటి పక్క మెల్లగా లేచింది. లోపల గిన్నెలు గలగలమన్నాయి. ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు, ఉయ్యాలలా ఉందని.

నేను పరుగున మెట్లెక్కి తలుపులో నిలబడి, "ఎవరూ కదలకండమ్మా, కింద మనిషున్నాడు" అని మొత్తుకున్నాను. ఒకాయన నా వైపు చూసి, "నువ్వు అరవకమ్మా, శుభమా అని పాలు పెట్టాం" అన్నాడు. పాలు అప్పటికే స్టౌ మీద ఉన్నాయి. మా ఆయన చెక్క సర్దేదాకా కూడా ఆగలేదు.

కాసేపటికి గిన్నెలో నురగ లేచింది. "వస్తున్నాయి, వస్తున్నాయి" అన్నారెవరో. అంతే, ముందు గదిలో ఉన్నవాళ్లూ, పడగ్గదిలో ఉన్నవాళ్లూ, ఏ పక్కకి పొంగుతాయో చూడాలని అందరూ ఒక్క పెట్టున వంటగది వైపు ఉరికారు. నా కాళ్ల కింద నేల ఊగింది. పాలు తూర్పుకి పొంగాయి. "పొంగాయి! తూర్పుకే పొంగాయి!" అని చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో కింద జాకీ మట్టిలోకి ఒరిగి తన్నుకున్న చప్పుడు ఎవరికీ వినపడలేదు. ఇల్లు ధడేలుమని దుంగల మీద పడింది. ఆ అదురుకి ఇంకెవరో ఉత్సాహంగా కేక వేశారు. నాకు మాత్రం మా ఆయన అరుపు వినపడింది.

దుంగకీ దూలానికీ మధ్య కుడిచెయ్యి ఉంది. చెక్క దూరుస్తూ ఉన్న చెయ్యి. "దిగండి, దిగండి" అని నేను పిచ్చిదానిలా అరుస్తూ పట్టుచీరలు పట్టుకుని లాగాను. అప్పుడు దిగారు. గడప, లక్ష్మి, ఏమీ అడ్డు రాలేదు. తోసుకుంటూ దిగారు. మళ్లీ జాకీ వేసి, లేపి, ఆయన్ని బయటికి తీసేటప్పటికి ఆ చెయ్యి చెయ్యిలా లేదు.

జీపు ఇచ్చారు, ఇవ్వలేదని అబద్ధం చెప్పను. సీటు మీద గోనెసంచి పరిచాకే ఎక్కించమన్నారు. ఆ సంచి కోసం వెతుకుతుంటే నేను నా చెంగు చించి ఆయన చేతికి చుడుతున్నాను. ఊళ్లో పెద్దాసుపత్రికి చేరేసరికి ఆయనకి తెలివి లేదు. డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు. మణికట్టు దాకా తీసేయాల్సి వచ్చింది.

కొన్నాళ్లకి ఇంటావిడ వార్డుకి వచ్చింది. చేతిలో పళ్లు, కుంకం పొట్లం. వాళ్లు ఆ ఇంట్లో దిగలేదట, నెత్తురు పడిన ఇల్లని వేరేది అడిగారట. అది చెప్పడానికి రాలేదులెండి, మాటల్లో వచ్చింది. మంచం పక్కన నిలబడి, కళ్లు తుడుచుకుని, నా నుదుట బొట్టు పెట్టబోతూ అంది:

"బాధపడకమ్మా. పాలు మాత్రం తూర్పుకే పొంగాయి. మీ ఆయనకి అంతా మంచే జరుగుతుంది."

ఆవిడ ఎగతాళికి అనలేదు. మనసారా అంది. అందుకే నాకు ఇంకా మంట పుట్టింది. నేను తల వెనక్కి తీసుకున్నాను.

"పాలు ఎటెల్లాయో అందరూ సూసేరమ్మా. ఆడి నెత్తురు ఏ దిక్కుకి పారిందో ఎవరైనా సూసేరా? అది కూడా సెప్పండి, మంచో సెడ్డో తెలుసుకుంటాను."

వార్డంతా మా వైపు చూసింది. ఆవిడకి కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. కుంకం పొట్లం మళ్లీ మడుచుకుంది.

అప్పుడు మా ఆయన మంచం మీద లేవబోయాడు. "దానికి బుద్ధి నేదు తల్లీ, దాని మాట అట్టుకోకండి" అంటూ, ఆవిడకి దణ్ణం పెట్టాలని రెండు చేతులూ ఎత్తాడు. ఎడమచెయ్యి గుండెల దగ్గరికి వచ్చి ఆగింది. కుడి పక్క నుంచి కట్టు వచ్చి దానికి తగిలింది. ఆయన రెండింటినీ మార్చి మార్చి చూసుకుని, మళ్లీ కలపబోయాడు.

నేను ఆ ఎడమచెయ్యి పట్టుకుని మంచానికేసి అదిమేశాను. ఆవిడ వార్డు దాటి వెళ్లేదాకా వదల్లేదు.