బావకు తెలియని వాసన

సాయంత్రం బీచ్ రోడ్డులో కొత్తగా పెట్టిన క్రాఫ్ట్ బీరు బారుకి మా బావను తీసుకెళ్లాను. బార్లీవైన్ అనే ఘాటు బీరు తెప్పించాను. గ్లాసు ఎత్తకముందే, బీరుకి చేదు కోసం వేసే హాప్స్ పువ్వుల వాసన ముక్కు అదరగొట్టింది. ఒక్క గుక్కకే చేదుకి నా మొహం ముడుచుకుపోయింది. బావ మాత్రం మంచినీళ్లలా తాగేశాడు.

"ఏటి బావా, వాసన గుప్పుమనట్నేదా?" అన్నాను.

"ఏ వాసన? కొన్నాళ్ల నుంచి నాకేటీ తెలట్నేదు. జలుబనుకుంతన్నాను."

బావ ఫిషింగ్ హార్బర్‌లో ఐస్ ప్లాంటు ఆపరేటరు. నీళ్లని గడ్డకట్టించడానికి వాడే అమ్మోనియా విషవాయువు లీకైతే అక్కడ ముందు పసిగట్టాల్సింది అతని ముక్కే.

"మీ ఓనరుకి సెప్పావా?"

"సెప్తే ఇంటికి పంపేత్తాడు. ఊరుకో."

తెల్లవారుజామున డ్యూటీ అని బావ త్వరగా లేచి వెళ్లిపోయాడు. చేదు ఇంకా నా నాలుక మీదే ఉంది. హార్బర్ పక్కన ఉండే మిత్రులారా, మీ ముక్కులైనా బాగానే పనిచేస్తున్నాయి కదా?