ఎదురు వచ్చే మనిషి

మా వదిన పోయింది. శనివారం పొద్దున్న మేనకోడలు ఫోన్ చేసి "అత్తా, అమ్మ..." అని ఆగిపోయింది. మిగతాది చెప్పక్కర్లేకపోయింది. కాఫీ తాగి, గుమ్మడి వడియాలు పెట్టడానికి మేడ ఎక్కి, సగం పెట్టి, పిట్టగోడకి ఆనుకుని కూర్చుండిపోయిందట. కాకులు వడియాలు తింటున్నా తోలడం లేదేంటని పక్క మేడ మీద నుంచి ఎవరో పిలిస్తే పలకలేదు.

రాజమండ్రి నుంచి మండపేటకి బస్సులో ఎంతసేపని. ఆ కాసేపూ నాకు ఏడుపు రాలేదు. కిటికీ పక్కన కూర్చుని ఒకే సంగతి ఆలోచిస్తూ ఉన్నాను. ఇంత పెద్ద పని మీద బయల్దేరానే, నాకు ఎవరూ ఎదురు రాలేదే అని.

ఆవిడ గురించి మీకు చెప్పాలి. నేను చెప్పకపోతే మా వీధివాళ్ళు "పాపం, మంచిదండీ" అన్న రెండు ముక్కలతో సరిపెట్టేస్తారు. ఆ రెండు ముక్కలూ మొన్న చాలాసార్లు విన్నాను. ఇక వినలేను.

బయటికి వెళ్ళేటప్పుడు మంచి మనిషి ఎదురైతే వెళ్ళిన పని అవుతుందని మనవాళ్ళ నమ్మకం కదా. మా వీధి మొత్తానికి ఆ మంచి మనిషి మా వదిన. కొత్తకోడలిగా వచ్చిన మొదటి నెలలో మా అన్నయ్య పని మీద వెళ్తుంటే ఎదురొచ్చింది, ఆ పని అయింది. నా లెక్చరర్ ఇంటర్వ్యూకి ఎదురొచ్చింది, ఉద్యోగం వచ్చింది. ఇంకేముంది, పేరు పాకిపోయింది. పరీక్షలకి వెళ్ళే పిల్లలు, ఆపరేషన్లకి వెళ్ళే ముసలివాళ్ళు, పెళ్ళిచూపులకి వెళ్ళే మగపెళ్ళివారు, అందరూ ముందురోజే వచ్చి "అక్కయ్యగారూ, రేపు ఒకసారి ఎదురు రండి" అని చెప్పి పోయేవారు. రైసుమిల్లు లోడు వేసుకుని ఒరిస్సా వెళ్ళే లారీ డ్రైవరు కూడా మా ఇంటి ముందు ఓసారి హారన్ కొట్టి ఆగేవాడు.

ఎదురు రావడమంటే ఊరికే గుమ్మంలో నించోవడం అనుకునేరు. వదిన దాన్ని ఒక విద్యలా చేసేది. అనుకోకుండా తారసపడ్డట్టు ఉండాలని దొడ్డిదారిన వెళ్ళి, సందు తిరిగి, వీధి చివర నుంచి నీళ్ళచెంబుతో నడుచుకుంటూ వచ్చేది. ముందురోజు చెప్పి పెట్టించుకున్నవాళ్ళని చూసి "ఏంటండీ, ఎక్కడికో బయల్దేరినట్టున్నారు" అన్నట్టు మొహం పెట్టేది. ఎక్కడికని మాత్రం నోటితో అడిగేది కాదు. చాలా నిదానంగా నడిచేది. నేను ఎగతాళి చేస్తే, "తొందర వెళ్ళేవాళ్ళకి ఉండాలమ్మా, ఎదురొచ్చేవాళ్ళకి కాదు. వాళ్ళు కళ్ళారా చూసుకోవద్దూ?" అనేది.

ఫిజిక్సు పాఠాలు చెప్పుకునే నాకు ఇవన్నీ మూఢనమ్మకాలని తెలుసు. తెలిసీ ఆవిడ ఎదురు రాకుండా ఒక్క పనికీ వెళ్ళలేదు. మనిషన్నాక రెండూ ఉంటాయి.

తర్వాత అన్నయ్య గుండెపోటుతో పోయాడు. వదినని ఎవరూ ఏమీ అనలేదు. మాది మర్యాదల సీమ, మొహం మీద ఎవరూ ఏమీ అనరు. ముందురోజు వచ్చి చెప్పడం మానేశారు, అంతే. వీధిలో ఎవరి గేటు చప్పుడైనా వదిన చీపురు పక్కన పెట్టి తలుపు వెనక్కి జరిగేది. కూరగాయల బండి దగ్గరికి వెళ్ళాలన్నా ముందు కిటికీలోంచి వీధంతా చూసుకునేది. నేను మండపేట వెళ్ళి తిరిగొచ్చేటప్పుడు కూడా వంటింట్లోంచే "జాగ్రత్తమ్మా" అనేది. నేను చెప్పులు వేసుకుని గడప దాటేదాకా బయటికొచ్చేది కాదు. మా సొంత ఇంట్లో, నాకు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఇక విమానం సంగతి. ఇంటర్ పిల్లలకి స్వేచ్ఛాపతనం పాఠం చెబుతుంటే వెనక బెంచీలోంచి ఒకడు లేచి, "మేడమ్, మీరెప్పుడైనా పడ్డారాండీ?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఆ మాట నన్ను పట్టుకుంది. ఇన్నేళ్ళుగా చెబుతున్నాను, మేడ మెట్ల మీద నుంచైనా పడిన అనుభవం లేదు. సెలవుల్లో మైసూరు దగ్గర విమానం నుంచి దూకించే శిబిరం పెడుతున్నారని తెలిసి పేరు ఇచ్చేశాను. వదినకి చెబితే నోరు నొక్కుకుంది.

"ఏం ఖర్మమ్మా నీకు. నిక్షేపంలాంటి ఉద్యోగం చేసుకుంటూ..."

"ఒక్కసారే వదినా."

"దూకడం అందరికీ ఒక్కసారేలే. సరే, నేనూ వస్తా. కిందపడితే ఏరి తేవడానికి మనిషుండాలిగా."

రైల్లో బెంగళూరు, అక్కడి నుంచి బస్సు. దారంతా పులిహోర, కొబ్బరి లౌజు. దూకే ముందు ఎక్కువ తినకూడదన్నారని చెబితే, ఖాళీ కడుపుతో దూకమన్నవాడు ఎవడో చూపించమంది.

శిబిరంలో నాకు పట్టీలు బిగించారు. నన్ను తన ఒంటికి కట్టుకుని దూకేది సైన్యంలో పనిచేసి వచ్చిన ఒక పెద్దమనిషి, పంజాబీ ఆయన. గడ్డిమైదానం అవతల చిన్న విమానం. ఇవతల తాడు కట్టి, చూడవచ్చినవాళ్ళని అక్కడ నించోబెట్టారు. పదండి అన్నారు. నేను తాడు వైపు చూశాను. వదిన లేదు.

వెతుక్కుంటూ వెళితే రేకుల షెడ్డు వెనక, నీళ్ళ ట్యాంకు చాటున, గోడ వైపు తిరిగి నించుని ఉంది. మండపేటలో తలుపు వెనక నించున్నట్టే. ఇంత దూరం వచ్చి, ఎవరూ తెలియని ఆ ఊళ్ళో కూడా.

"ఇక్కడేం చేస్తున్నావు వదినా?"

"వెళ్ళమ్మా, వెళ్ళు. నువ్వు ఎక్కాక వస్తా."

"నువ్వు ఎదురు రాకపోతే ఎక్కను."

"పిచ్చిదానిలా మాట్లాడకు. ఆకాశంలోంచి దూకే మనిషికి నా ఎదురా? ఇంకెప్పుడన్నా వస్తాలే, బజారుకెళ్ళేటప్పుడు."

"బజారుకి నాకు శకునం ఎందుకు? భయంగా ఉంది వదినా. నువ్వు రా."

భయంగా ఉందన్నది నిజం. ఆవిడ నా మొహం వైపు చూసింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పంజాబీ ఆయన వచ్చి ఆలస్యం ఎందుకన్నాడు. నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఈవిడ మా వదిన, నేను విమానం వైపు వెళ్తుంటే ఈవిడ అటు నుంచి నాకు ఎదురు నడిచి రావాలి, ఈవిడ భర్త పోయాడు కాబట్టి రానంటోంది, ఈవిడ రాకపోతే నేను దూకను అని. ఆయన తాడు దాటి ఎవర్నీ పంపకూడదన్నాడు. తర్వాత వెళ్ళి పైలట్‌తో మాట్లాడి, ఇంజను ఇంకా వేయొద్దని చెప్పి, పనివాళ్ళు వేసుకునే నారింజరంగు కోటు ఒకటి తెచ్చి వదినకి ఇచ్చాడు. తనే వెంటబెట్టుకుని విమానం దాకా తీసుకెళ్ళి, అక్కడ వదిలి, పక్కకి తప్పుకున్నాడు.

లేతరంగు నేతచీర మీద ఆ కోటు, చేతిలో చెంబుకి బదులు ప్లాస్టిక్ నీళ్ళసీసా. మొదట తల దించుకునే ఉంది. ఓ నాలుగడుగులు వేశాక తలెత్తింది. ఆ తర్వాత నాకు మండపేట వీధే కనిపించింది. అదే నిదానం. దగ్గరికి వచ్చేసరికి "ఏంటమ్మా, ఎక్కడికో బయల్దేరినట్టున్నావు" అన్న ఆ పాత మొహం పెట్టబోయి, పెట్టలేక ఏడ్చేసింది. నేను ఆవిడని దాటి వెళ్ళి విమానం ఎక్కాను. వెనక్కి తిరిగి చూడకూడదు కాబట్టి చూడలేదు.

పైనుంచి దూకడం గురించి చెప్పమని అందరూ అడుగుతారు. గాలి నిరోధాన్ని విస్మరిస్తే అని మొదలుపెడతాను పాఠంలో. అక్కడ గాలిని విస్మరించడం ఎవరి తరమూ కాదు. చెంపలు చెవుల దాకా లాగేసింది. తలుపు దగ్గర కాళ్ళు బయటికి పెట్టిన క్షణంలో నాకు వచ్చినవన్నీ మర్చిపోయాను. పడిపోతున్నట్టు కూడా అనిపించలేదు, గాలే నన్ను పైకి తోస్తున్నట్టు అనిపించింది. తర్వాత పారాచూట్ విచ్చుకుని ఒక్కసారిగా నిశ్శబ్దం. కింద పొలాలు, చెరువులు, మైదానం. మైదానంలో ఒక నారింజరంగు చుక్క అటూ ఇటూ పరుగెత్తుతోంది. నేను ఎటు దిగితే అటు రావాలని దాని తాపత్రయం. అంత ఎత్తున వేలాడుతూ నేను గట్టిగా నవ్వాను. ఏడుస్తున్నానని వెనకనున్న పంజాబీ ఆయన అనుకున్నాడు కాబోలు, భుజం మీద తట్టాడు.

దిగాక చూస్తే వదిన చుట్టూ పిల్లలు. బెంగళూరు నుంచి వచ్చిన కాలేజీ అమ్మాయి ఒకతి, "ఆంటీ, నాక్కూడా" అని చెయ్యి పట్టుకుంది. ఆ తర్వాత కొత్తగా పెళ్ళైన జంట. మధ్యాహ్నం అయ్యేసరికి మా వదిన ఎదురు రానిదే విమానం కదలని పరిస్థితి. ఎండకి మొహం కమిలిపోయినా కోటు విప్పలేదు.

సాయంత్రం బస్సులో నా భుజం మీద తల ఆనించి, "వాళ్ళకి నా సంగతి తెలీదు కాబట్టి పిలిచారమ్మా" అంది.

"తెలుసు వదినా. నేను అందరికీ చెప్పాను."

"ఆయన పోయారనీ?"

"ఆయ్, చెప్పాను."

"చెప్పినా రమ్మన్నారా?"

"రమ్మన్నారు."

నా భుజం తడిసింది. అన్నయ్య పోయిన రోజు కూడా ఆవిడ అంతగా ఏడవడం నేను చూడలేదు.

కథ ఇక్కడ ఆగితే బాగుండును. ఊరికి వచ్చిన వారానికి ఎదురింటి పిల్ల కాకినాడలో ఏదో ఇంటర్వ్యూకి బయల్దేరింది. వదిన తలుపు వెనక్కి జరగలేదు. వాకిలి ఊడుస్తున్నది ఊడుస్తున్నట్టే తలెత్తి చూసి, నవ్వి, ఒక అడుగు ముందుకేసింది. ఎదురింటావిడ స్కూటీ ఆపించి, కూతుర్ని లోపలికి తీసుకెళ్ళి, మంచినీళ్ళు తాగించి, కాసేపు కూర్చోబెట్టి మళ్ళీ పంపింది. పెద్దమ్మా అని పిలిచే ఆ పిల్లకి ఒకటో తరగతి నుంచి ప్రతి పరీక్షకీ ఎదురొచ్చింది మా వదినే.

వదినే ఫోన్లో చెప్పింది. నేను మండిపడి, ఇప్పుడే వస్తాను, కడిగేస్తాను అన్నాను. "వద్దమ్మా. ఇది మైసూరు కాదుగా" అంది. ఆ తర్వాత మాట మార్చి, "వచ్చే ఏడు నేనే దూకుతా. నువ్వు ఎదురు రా. ఎలా నడవాలో నేర్పిస్తాలే" అంది. బీపీ తగ్గితే దూకనిస్తారని ఉప్పు మానేసింది. సాయంత్రాలు మేడ మీద నడిచేది. ఆ మేడ మీదే పోయింది.

మొన్న ఆదివారం ఎదురింటావిడ పొద్దున్నే వచ్చి వదిన కాళ్ళ దగ్గర కూర్చుని నిజంగానే ఏడ్చింది. ఫ్లాస్కులో మా అందరికీ కాఫీ తెచ్చింది. ఆవిడ చెడ్డదని నేను అనను. అనగలిగితే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఆడవాళ్ళు శ్మశానానికి రాకూడదన్నారు. వీధి చివరిదాకా అయినా వస్తానని వైకుంఠరథంలో డ్రైవరు పక్కన కూర్చున్నాను. వెనక వదిన. బండి కదిలి మలుపు దగ్గరికి వచ్చేసరికి రోడ్డుకి ఒక పక్కగా స్కూటీ ఆగి ఉంది, మా వైపే తిరిగి. ఎదురింటావిడ, ఆవిడ కూతురు. ఎప్పుడు వెళ్ళారో తెలియదు, మాకంటే ముందే వెళ్ళి కాచుకున్నారు. పిల్ల భుజానికి బ్యాగు, చేతిలో హాల్ టికెట్టు. ఆ రోజు పరీక్ష ఉందట.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. శవం ఎదురైతే మంచి శకునం. ప్రాణంతో ఎదురొస్తే మంచినీళ్ళు తాగించి కూర్చోబెట్టిన మనిషి, ఇవాళ కూతుర్ని పెందలాడే తెచ్చి ఎండలో నిలబెట్టింది, మా వదిన ఎదురు రావాలని. దిగి ఆ హాల్ టికెట్టు లాక్కుని చింపేద్దామన్నంత కోపం వచ్చింది. తలుపు మీద చెయ్యి కూడా వేశాను.

అప్పుడు ఆ పిల్ల మొహం చూశాను. వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఏడుస్తూనే రెండు చేతులూ జోడించి, వచ్చే బండిలోకి ఒంగి ఒంగి చూస్తోంది, పెద్దమ్మ మొహం ఒక్కసారి కనిపిస్తుందేమోనని.

డ్రైవరు హారన్ మీద చెయ్యి వేశాడు. "వాళ్ళని తప్పుకోమనమంటారాండీ?" అన్నాడు.

"వద్దు బాబూ," అన్నాను. "కాస్త నిదానంగా పోనివ్వు. ఆ పిల్ల కళ్ళారా చూసుకోవాలి."