ఇసుమర్ల ధర్మం, మామిడిపండ్ల లోడు

మొన్న శుక్రవారం నేను చేసిన పనికి మామిడిపండ్ల లోడు విమానం ఎక్కకుండనే ఆగిపోయేటిది. చాయ్ తాగుకుంట వినుండ్రి, చెప్త.

నేను ఎయిర్‌పోర్టు పక్కన ఒక కార్గో గోదాముల షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని. ఇల్లు సాతంరాయిల. పొద్దున బస్సుల పోయేటప్పుడు ఫోన్‌ల ఒక నవల రాస్త, మూడేండ్ల సంది. అదంత కల్పిత లోకం. అండ్ల ఒక్కో జాతికి ఒక్కో దేవుని కథ, ఆ కథను బట్టే వాళ్ల పాపపుణ్యాలు.

ఇసుమర్లని ఎడారి జాతి ఒకటుంటది. వాళ్ల దేవుడు లోకాన్ని చేసి చేసి అలసిపోయి జరసేపు ఒరిగిండు. మిగిలిన దేవుళ్లకు ఓపిక లేక లేపిండ్రు. ఆయన నిద్రమత్తుల మిగిలిన పనంత ఎట్లనో కానిచ్చిండు, అందుకే వాళ్ల దేశం మొత్తం ఇసుకనే. కాబట్టి అలసి పండుకున్నోణ్ని లేపుడు వాళ్లకు అన్నిటికన్న పెద్ద పాపం. ఇగ గుట్టర్లు కొండజాతి. వాళ్ల పెద్దలు తల్లిదేవతను వీపు మీద మోసి కొండ ఎక్కిచ్చిండ్రు. అందుకే వాళ్ల దగ్గర మోత మోసేటోడు ఎదురొస్తే రాజైనా పక్కకు జరగాలె.

గురువారం మా మేనేజర్ సారు గోదాము సేఫ్టీ రూల్స్ నా ఫోన్‌కు పంపిండు. ఆయనది కోస్తా దిక్కు, మాట మెత్తగుంటది. "రేపు పొద్దున్నే మన గ్రూపులో పెట్టేయండమ్మా" అన్నడు. ఆ ఫైలు పేరు 'కొత్త నియమాలు'. నా నవలల ఏడో అధ్యాయం పేరు గూడ 'కొత్త నియమాలు', అండ్ల ఈ రెండు జాతుల ధర్మాలు వరుసగ రాసిన. శుక్రవారం బస్సు కిక్కిరిసి ఉండె. ఒక చేత్తోని రాడ్ పట్టుకొని, ఇంకో చేత్తోని ఫైలు పంపిన. ఏది పోయిందో మీకు సమజైంది కదా. నాకే కాలే.

మధ్యాహ్నం నేను కాగితాల మీద ముద్రలు ఏపిచ్చుకుందామని పక్క ఆఫీసుకు పోయిన. తిరిగొచ్చేసరికి మామిడిపండ్ల లారీ వచ్చి అరగంటాయెనట. ఒక్క పెట్టె దిగలే. పది మంది లోడింగోళ్లు గోడకు ఆనుకొని గుసగుస మాట్లాడుకుంటున్నరు. వాళ్ల పెద్ద ఖాజా భాయ్. ఆయన్ని అడిగిన.

"ఏంది భాయ్, ఎందుకు నిలబడ్డరు?"

"జర మెల్లగమ్మా. మల్లన్న పండుకున్నడు."

మల్లన్న ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతడు. ఆయన లేకుంటే లారీలకెళ్లి ఒక్క పెట్టె గూడ దిగది. అట్టల మీద కాళ్లు చాపి గురక పెడుతున్నడు.

"మరి లేపుండ్రి."

"ఎట్ల లేపుతం? వద్దని నువ్వే కదా పొద్దున పెట్టినవ్." ఫోన్ తీసి సదివిండు. "'అలసి నిద్రించువానిని లేపినవాడు మహాపాపి.' మంచిగ రాసిండ్రు కంపెనీవాళ్లు."

ఫోన్ గుంజుకొని చూసిన, అది నా ఏడో అధ్యాయం. "పైన ఇసుమర్లకు అని ఉంది కదా భాయ్. ఇసుమర్లంటే ఎవరనుకున్నవ్?"

"కొత్త కాంట్రాక్టోళ్లేమో అనుకున్న."

ఇగ మాట్లాడేటందుకు టైం లేదు. నేనే పోయి మల్లన్న భుజం పట్టి ఊపిన. మూడేండ్లు కష్టపడి కట్టిన ధర్మంల మొట్టమొదటి మహాపాపిని నేనే అయిన.

మల్లన్న దిగ్గున లేచి బండెక్కిండు. అందరం ఉరుకులాట. గప్పుడే మేనేజర్ సారు ఫోన్ మాట్లాడుకుంట దారికి అడ్డం వచ్చిండు. వెనక ట్రాలీ నూకుకుంట వస్తున్న ఖాజా భాయ్ ఆగలే.

"సార్, పక్కకు జరుగుండ్రి. రాజైనా జరగాలె, కొత్త రూలు."

సారుకు ఏం సమజ్ కాలే గాని జరిగిండు. ఆయన జరిగిండని ఆఫీసోళ్లందరు జరిగిండ్రు. మా గోదాముల అంత సాఫ్‌గ దారి నేనెన్నడు చూడలే. ఆఖరి పెట్టె ఆఖరి నిమిషంల పోయింది. లోడు విమానమెక్కింది.

సాయంత్రం సారు పిలిచిండు. బల్ల మీద నా ఏడో అధ్యాయం ప్రింటు తీసి పెట్టుకున్నడు.

"ఈ గుట్టర్లు ఎవరమ్మా?"

"నా నవలల జాతి సార్. తప్పు ఫైలు పోయింది. అది నా పొరపాటే, ఒప్పుకుంటున్న."

"సరే. ఇలాంటి పిచ్చి రాతలు రాయడం తప్పేనని, క్షమించమని ఓ కాగితం రాసివ్వండి."

సరే సార్ అంటే అక్కడితోని అయిపోయేటిది.

"ఫైలు తప్పు పోయిందని రాస్త సార్. రాత తప్పని రాయ."

"మీ దేవుడు నిద్రపోయాడని విమానం ఆగుతుందా?"

"ఆగది సార్. గాని మల్లన్న కందుకూరు నుంచి తెల్లారకముందే వచ్చిండు. ఇది వరుసగ రెండో షిఫ్టు. ఆయనకు బదులు మనిషిని ఇయ్యలే మనం. ఇసుమర్లయితే ఇచ్చేటోళ్లు."

సారు ప్రింటు మడిచి సొరుగుల పెట్టిండు.

సోమవారం సంది రెండో షిఫ్టుకు మల్లన్నకు బదులు ఇంకో ఆపరేటర్ వస్తున్నడు. గ్రూపుల మెసేజ్‌లు పెట్టే పని నా దగ్గరికెళ్లి తీసి ఖాజా భాయ్‌కిచ్చిండ్రు. నాకు మెమో ఇచ్చిండ్రు. తీసుకొని కూసోని సదివిన. 'నిర్లక్ష్యం'ల య వత్తు లేదు, 'క్రమశిక్షణ'కు చివర్ల న పెట్టిండ్రు. నేను జవాబు రాయలే. ఎర్ర పెన్నుతోని రెండు తప్పులు దిద్ది, అదే కాగితం సారు బల్ల మీద పెట్టొచ్చిన.

మర్నాడు రెండో మెమో వచ్చింది. అండ్ల ఒక్క తప్పు లేదు. మూడుసార్లు వెతికిన.